41 మీటింగ్ ఇన్వైట్లు: మాక్రోనా, యాప్స్ స్క్రిప్టా, పవర్ ఆటోమేటా? ఏది మేలు?

2025 మార్చి రెండో వారానికి నాకొక పని అప్పగించారు. 41 మంది అభ్యర్థులు, 10వ తేదీ సోమవారం నుంచి 14 శుక్రవారం దాకా, ఒక్కొక్కరికి అరగంట ఇంటర్వ్యూ. పేరు, మెయిల్, తేదీ, టైము, ప్యానెల్‌లో ఎవరెవరు అన్నీ ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. అవుట్‌లుక్ తెరిచి ఒక్కొక్కటే టైపు చేస్తూ కూర్చుంటే ఒక పూట పోతుంది. ఇరవై లైన్ల మాక్రో (ఎక్సెల్ లోపలే రాసుకునే చిన్న ప్రోగ్రామ్) రాసి, బటన్ నొక్కి టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

"మేడమ్, నాకు ఇంటర్వ్యూ డిసెంబర్ 3 అని వచ్చింది. కరెక్టేనా మేడమ్?"

ఎందుకలా అయిందో కింద చెబుతాను. ఆ రోజు నుంచి మాత్రం ఇలాంటి పనికి ఏ పద్ధతి ఎవరు చెప్పినా నేను అడిగేది ఒకటే: పంపేశాక తప్పు తెలిస్తే దిద్దుకోవడం ఎంత తేలిక? పంపడం ఏ పద్ధతిలోనైనా నిమిషాల్లో అయిపోతుంది. దిద్దుబాటు దగ్గరే ఒక్కో పద్ధతి అసలు రంగు బయటపడుతుంది.

ముందు రెండు పద్ధతులను పక్కన పెట్టేద్దాం. "వర్డ్‌లో మెయిల్ మెర్జ్ ఉందిగా" అంటారు కొందరు. దానితో వెళ్లేది మామూలు మెయిల్. అందుకున్నవాళ్లకు ఒప్పుకోవడానికి, కాదనడానికి బటన్లు ఉండవు, క్యాలెండర్‌లో ఆ టైము బ్లాక్ అవదు. రెండోది, షీట్‌ని సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) మార్చి దాన్ని గూగుల్ క్యాలెండర్‌లోకి ఇంపోర్ట్ చేయడం. ఈవెంట్లు వస్తాయి గానీ మీ ఒక్కరి క్యాలెండర్‌లోకే. పిలవాల్సినవాళ్ల పేర్లు దాంతోపాటు రావు. పిలుపు లేని పేరంటం అన్నమాట. ఇక మిగిలినవి మూడు.

ఎక్సెల్ మాక్రో

మాక్రోలు రాసే భాష పేరు వీబీఏ, అది 1993లో ఎక్సెల్ 5తో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆఫీసుల్లో దాని మీద నడిచే పని బోలెడుంది. కారణం సింపుల్: ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఆల్ట్, ఎఫ్11 నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది. మాక్రో షీట్‌లోని ఒక్కో వరుసకూ అవుట్‌లుక్‌ని ఒక అపాయింట్‌మెంట్ తయారుచేయమంటుంది, దానికి సబ్జెక్ట్, చోటు, మొదలయ్యే టైము, నిమిషాల్లో నిడివి, రావాల్సినవాళ్ల మెయిళ్లు అతికిస్తుంది. ఆ పైన మీటింగ్‌స్టేటస్‌ని ఓఎల్‌మీటింగ్ అని మార్చాలి. ఈ ఒక్క లైను మరిచిపోతే అది మీ సొంత అపాయింట్‌మెంట్‌గానే మిగిలిపోతుంది, పిలుపు అవదు.

ఇక్కడ ఒక మడతపేచీ ఉంది. కొత్తగా రాసేవాళ్లలో చాలామంది ఇక్కడే జారిపడతారు. అవుట్‌లుక్ వాడే పేర్ల జాబితాను (లైబ్రరీ) ఎక్సెల్‌కి ముందే జతచేయకుండా, క్రియేట్‌ఆబ్జెక్ట్ అనే ఆదేశంతో నేరుగా అవుట్‌లుక్‌ని పిలిచారనుకోండి, అప్పుడు ఎక్సెల్‌కి ఓఎల్‌అపాయింట్‌మెంట్‌ఐటెమ్ అంటే ఏమిటో తెలియదు. తెలియని పేరును ఖాళీగా, అంటే సున్నాగా తీసుకుంటుంది. అవుట్‌లుక్ లెక్కలో సున్నా అంటే మామూలు మెయిల్. మెయిల్‌కి మొదలయ్యే టైము ఎక్కడుంటుంది? వెంటనే ఎర్రర్ 438. కోడ్ మొదట్లో ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్ (తెలియని పేరు కనిపిస్తే ఆపేయమనే మాట) అని రాసుంటే తప్పు ముందే పట్టుబడేది. లేదంటే పేర్ల బదులు నేరుగా అంకెలే రాసుకోవచ్చు: అపాయింట్‌మెంట్‌కి 1, మీటింగ్‌కి కూడా 1.

మాక్రోలో నాకు బాగా నచ్చింది డిస్‌ప్లే. సెండ్ బదులు డిస్‌ప్లే అని రాస్తే ఇన్వైట్ తెర మీద తెరుచుకుంటుంది, మీరు కళ్లారా చూసి పంపుతారు. మొదటి రెండు వరుసలు అలా చూసుకుని, తర్వాత సెండ్‌కి మార్చుకోవాలి. మార్చిలో నేనూ మొదటి వరుసను అలాగే చూశాను. టైము సరిగ్గా ఉంది, పేరు సరిగ్గా ఉంది. తేదీ మీద కన్ను పడలేదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. అపాయింట్‌మెంట్‌కి హెచ్‌టీఎంఎల్ బాడీ (వెబ్ పేజీలా అలంకరించుకునే చోటు) లేదు, మామూలు టెక్స్టూ ఆర్‌టీఎఫ్ మాత్రమే. రంగులు, టేబుల్ కావాలంటే వర్డ్ ఎడిటర్‌ని పట్టుకుని వెనక దారిన వెళ్లాలి. టీమ్స్ లింక్ తగిలించమని చెప్పే ప్రాపర్టీ కూడా లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు కొత్త అవుట్‌లుక్. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఇప్పుడు ముందుకు తెస్తున్న ఆ కొత్త అవుట్‌లుక్‌లో వీబీఏ మాక్రోలు నడవవు, పాత క్లాసిక్ అవుట్‌లుక్ ఉండాల్సిందే. పైగా 2022 నుంచి ఇంటర్నెట్ నుంచో మెయిల్‌లోనో వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ఆఫీస్ తనంతట తానే అడ్డుకుంటోంది. కాబట్టి "నా మాక్రో ఫైలు పంపిస్తా, నువ్వూ వాడుకో" అని పక్క టీమ్‌కి చెప్పడం మునుపటంత తేలిక కాదు.

25 మందికి తప్పుడు తేదీ ఎలా వెళ్లింది?

షీట్‌లో తేదీలు వేరే సాఫ్ట్‌వేర్ నుంచి కాపీ చేసినవి. సెల్‌లో చూడ్డానికి 12/03/2025 అనే ఉంది, కానీ అది తేదీ కాదు, టెక్స్ట్. నిజమైన తేదీ అయితే ఎక్సెల్ దాన్ని ఒక అంకెగా దాచుకుంటుంది, 1900 జనవరి 1 నుంచి లెక్క. టెక్స్ట్ అయితే మాక్రో దాన్ని తేదీగా మార్చేటప్పుడు కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్ ఏముందో చూస్తుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో ఎన్ని లాప్‌టాప్‌లు అమెరికా సెట్టింగ్‌తోనే నడుస్తుంటాయో చెప్పక్కర్లేదు. నాదీ అంతే. అలా 10/03 అక్టోబర్ 3 అయింది, 11/03 నవంబర్ 3 అయింది, 12/03 డిసెంబర్ 3 అయింది. మరి 13/03? పదమూడో నెల లేదు కాబట్టి వీబీఏ ఏ ఎర్రరూ ఇవ్వకుండా తిరగేసి మార్చి 13గా తీసుకుంది. 14 కూడా అంతే. అంటే మొదటి మూడు రోజుల 25 తప్పు, చివరి రెండు రోజుల 16 ఒప్పు. అన్నీ తప్పయితే వెంటనే తెలిసేది. సగం ఒప్పు కావడమే కొంప ముంచింది. ఆ మూడు తప్పుడు తేదీలూ శుక్రవారం, సోమవారం, బుధవారం అయ్యాయి. ఒక్కటైనా ఆదివారం పడుంటే ఎవరికైనా అనుమానం వచ్చేది.

తేదీ, నెల, సంవత్సరం మూడు కాలమ్‌లుగా పెట్టుకుని, వీబీఏలో డేట్‌సీరియల్ అనే ఫంక్షన్‌తో కలపడం నేను ఆ తర్వాత నేర్చుకున్న జాగ్రత్త. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, కానీ ఎవరి లాప్‌టాప్‌లోనైనా ఒకే తేదీ వస్తుంది.

ఇంకో పక్క మా ప్యానెల్‌లో సగం మంది డాలస్‌లో ఉన్నారు. 2025లో అమెరికాలో గడియారాలు ముందుకు జరిపింది మార్చి 9 ఆదివారం, అంటే మా ఇంటర్వ్యూలకు సరిగ్గా ముందు రోజు. అంతకుముందు వారం హైదరాబాద్‌లో రాత్రి 7:30 అంటే డాలస్‌లో పొద్దున 8. సోమవారం నుంచి అదే 7:30కి అక్కడ 9. షీట్‌లో ఎవరో పదకొండున్నర గంటలు తీసేసే ఫార్ములా రాసి పెట్టారు. అదృష్టం కొద్దీ నేనా కాలమ్ వాడలేదు. తేడా మీరు లెక్కగట్టొద్దు, ఏ ఊరి టైమో మాత్రం చెప్పండి, మిగతాది క్యాలెండర్ చూసుకుంటుంది. ఈ విషయంలో మూడు పద్ధతులూ ఒకేలా లేవు. వీబీఏలో స్టార్ట్‌టైమ్‌జోన్ అనే ప్రాపర్టీ ఉంది గానీ దాన్ని వాడేవాళ్లు తక్కువ. పవర్ ఆటోమేట్‌లో టైమ్ జోన్ పెట్టె కళ్లెదుటే ఉంటుంది. గూగుల్‌లో షీట్‌కొక టైమ్ జోన్, స్క్రిప్ట్‌కొక టైమ్ జోన్, క్యాలెండర్‌కొక టైమ్ జోన్. మూడూ ఒకటేనని నమ్మి మొదలుపెట్టారంటే అయిపోయారే.

గూగుల్ యాప్స్ స్క్రిప్ట్

మీ ఆఫీసు మెయిల్ గూగుల్‌లో ఉంటే మాక్రో ప్రస్తావనే అనవసరం. షీట్‌లో ఎక్స్‌టెన్షన్స్ కింద యాప్స్ స్క్రిప్ట్ తెరవండి, ఈవెంట్ సృష్టించే ఒక్క ఆదేశంలో శీర్షిక, మొదలు, ముగింపు, అతిథులు అన్నీ ఇచ్చేయొచ్చు. మెయిళ్ల మధ్య కామా పెట్టాలి. అవుట్‌లుక్‌లో అదే పనికి సెమీకోలన్, మరి. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, లాప్‌టాప్ మూసేసినా టైమ్ ట్రిగ్గర్‌తో దానంతట అదే నడుస్తుంది.

ఇందులో తప్పనిసరిగా తెలియాల్సింది సెండ్‌ఇన్వైట్స్. దానంతట అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేయకపోతే అతిథుల పేర్లు ఈవెంట్‌లో ఉంటాయి, వాళ్లకు మెయిల్ మాత్రం వెళ్లదు. మీరు మీ క్యాలెండర్ చూసుకుని "అందరినీ పిలిచాను" అనుకుంటూ ఉంటారు. ప్రయోగం చేసేటప్పుడు ఇదే వరం: ముందు ఆఫ్‌లో నడిపి, క్యాలెండర్‌లో అన్నీ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని, చెరిపేసి, ఆన్ చేసి మళ్లీ నడపొచ్చు. నేను మార్చిలో ఇదే చేసుంటే అక్టోబర్‌లో పడ్డవి అక్కడే కనిపించేవి.

ఒక్కసారి నడిస్తే ఆరు నిమిషాలే గడువు. 41 వరుసలకు అది చాలా ఎక్కువ, కొన్ని వేల వరుసలైతే ముక్కలుగా నడపాలి. గూగుల్ మీట్ లింక్ కావాలన్నా, తర్వాత టైము మార్చినప్పుడు అతిథులకు కబురు కచ్చితంగా వెళ్లాలన్నా మామూలు క్యాలెండర్ సేవ చాలదు. టైము మార్చే ఆదేశంలో "వాళ్లకు చెప్పు" అనే మాటకు చోటే లేదు. అడ్వాన్స్‌డ్ క్యాలెండర్ సేవను ఆన్ చేసుకుని, సెండ్‌అప్‌డేట్స్‌కి ఆల్ అని ఇవ్వాలి. యాప్స్ స్క్రిప్ట్ రాసేది జావాస్క్రిప్ట్ భాషలో, అది కాస్త చేతకాకపోతే ఇక్కడ ఇబ్బందే.

పవర్ ఆటోమేట్

మైక్రోసాఫ్ట్ ఫ్లో అనే పేరుతో వచ్చి 2019లో పేరు మార్చుకుంది. కోడ్ రాయక్కర్లేదు, పెట్టెలు కలుపుకుంటూ పోవడమే. అలా కలిపిన వరుసను ఇప్పటికీ ఫ్లో అనే అంటారు. ఫైలు వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండాలి, అందులో డేటా టేబుల్‌గా ఉండాలి. కొత్త అవుట్‌లుక్ వాడుతున్నా, మ్యాక్ వాడుతున్నా, అసలు అవుట్‌లుక్ తెరవకపోయినా నడుస్తుంది. మాక్రోకు వారసుడు కావాలంటే నేను దీన్నే చూపిస్తాను. ప్రేమతో కాదు, వేరే దారి లేక. ఎందుకంటే పెట్టెల మధ్య ఎక్కడ తప్పు జరిగిందో వెతకడం, ఇరవై లైన్ల కోడ్‌లో వెతకడం కన్నా విసుగు.

వరుసలు చదివే పెట్టె మామూలుగా 256 దగ్గర ఆగిపోతుంది. పేజినేషన్ (మిగతా వరుసలను విడతలుగా తెప్పించే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 300 మందిలో చివరి 44 మందికి పిలుపు వెళ్లదు, ఫ్లో మాత్రం పచ్చ టిక్కు చూపిస్తుంది. ఇంకొకటి, తేదీలు అంకెలుగా వస్తాయి. డేట్‌టైమ్ ఫార్మాట్‌లో ఐఎస్‌ఓ 8601 (సంవత్సరం, నెల, తేదీ వరుసలో రాసే పద్ధతి) ఎంచుకుంటే ఆ బాధ తీరుతుంది. ఫ్లో ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోండి. తయారుచేసినవాళ్లు ఉద్యోగం మానేశాక కనెక్షన్ తెగిపోయి, నెల తర్వాత గానీ ఎవరికీ తెలియని సందర్భాలు కొత్తేమీ కాదు. రెండో ఓనర్‌ని మొదటి రోజే పెట్టుకోవాలి.

దిద్దుకోవడం

మూడింటికీ వర్తించే మాట ఒకటుంది: షీట్‌లో ఒక ఖాళీ కాలమ్ పెట్టి, ప్రతి ఇన్వైట్ ఐడీని అందులో రాయించండి. అవుట్‌లుక్‌లో దాన్ని ఎంట్రీఐడీ అంటారు. సేవ్ చేశాక, సెండ్ కొట్టక ముందే దాన్ని తీసుకోవాలి. ఆ కాలమ్‌తో రెండు లాభాలు. ఐడీ ఉన్న వరుసను వదిలేయమని రాస్తే, పొరపాటున బటన్ రెండుసార్లు నొక్కినా ఎవరికీ రెండు పిలుపులు వెళ్లవు. టైము మారితే ఆ ఐడీతో పాత ఇన్వైట్‌నే పట్టుకుని మార్చొచ్చు, రద్దూ చేయొచ్చు.

నా దగ్గర ఆ కాలమ్ లేదు. క్యాలెండర్‌లో అక్టోబర్, నవంబర్, డిసెంబర్ తిరగేస్తూ 25 ఇన్వైట్లను చేత్తో రద్దు చేశాను. మాక్రోతో మిగిలిన పూట అక్కడే ఖర్చయింది. ఐడీ ఉంటే రద్దు మూడు లైన్ల పని: మీటింగ్‌స్టేటస్‌ని 5 (అంటే రద్దు) చేయడం, సెండ్, ఆ తర్వాత డిలీట్. మధ్య మెట్టు వదిలేసి నేరుగా డిలీట్ చేస్తే అవతలివాళ్లకు కబురు వెళ్లదు, వాళ్ల క్యాలెండర్‌లో ఆ మీటింగ్ దెయ్యంలా మిగిలిపోతుంది. పవర్ ఆటోమేట్‌లో ఈవెంట్‌ని తీసేస్తే రద్దు కబురు దానంతట అదే వెళ్తుంది. ఈ ఒక్క చోట దానికే నా ఓటు.

మరి నేనేం వాడుతున్నాను?

ఏడాదికి ఒకటి రెండుసార్లు, వంద లోపు వరుసలు, క్లాసిక్ అవుట్‌లుక్ ఇంకా ఉన్న లాప్‌టాప్ అయితే మాక్రోనే. డిస్‌ప్లేతో మొదటి రెండు, మధ్యలో ఒకటి, చివర ఒకటి చూశాకే సెండ్. ప్రతి నెలా జరిగే పని అయినా, నేను లేనప్పుడు ఇంకొకరు నడపాల్సిన పని అయినా పవర్ ఆటోమేట్. ఇవాళ కొత్తగా నేర్చుకునేవాళ్లు వీబీఏతో మొదలుపెట్టొద్దనే చెబుతాను. అది పనికిరాక కాదు, దాని కింద నేల జరుగుతోంది కాబట్టి. మెయిల్ గూగుల్‌లో ఉన్నవాళ్లకు యాప్స్ స్క్రిప్ట్ తప్ప వేరే ఆలోచనే అక్కర్లేదు.

ఆ డిసెంబర్ 3 అమ్మాయికి మార్చి 12నే ఇంటర్వ్యూ జరిగింది. ప్యానెల్‌లో ఒకాయన క్యాలెండర్‌లో మాత్రం పాత ఇన్వైట్ ఒకటి నా కంట పడకుండా ఉండిపోయింది. డిసెంబర్ 3న ఆయన పావుగంట ముందే లైన్‌లోకి వచ్చి నాకు మెసేజ్ పెట్టారు: "క్యాండిడేట్ ఇంకా రాలేదండీ."