పసిరికలకు పసరు మందా, రక్తపరీక్షా: ఏది మేలు?

వానలు పడి తాగునీళ్లు చెడిపోయే రోజుల్లో మా నర్సంపేట వైపు పసిరికలు (పచ్చకామెర్లు) మొదలవుతాయి. కళ్లు పచ్చబడితే చాలు, పెద్దలు "పసరు పోయించుకొద్దాం పా" అంటారు. మా తమ్ముడికీ అట్లనే, నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి మూడు రోజులు పరగడుపున తాగించారు. ఉప్పు, నూనె, కారం బంద్. నెల తిరిగేసరికి కోలుకున్నాడు. ఊరంతా పసరు మహిమే అన్నది.

నేను అట్లా అనలేను. నీళ్ల ద్వారా వచ్చే కాలేయ జబ్బు హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. కావలసింది విశ్రాంతి, తిండి. ఆ ఉప్పులేని పత్యానికి వాడు అన్నం ముద్ద పక్కకు నెట్టి గోడవైపు తిరిగి పడుకోవడం నాకింకా యాదికున్నది.

మరుసటేడు మేనత్తకు కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ పసరే, పైగా మణికట్టు మీద చురక. ఒళ్లంతా దురద, మలం తెల్లగా వస్తున్నదని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇరవై రోజులకు హన్మకొండలో స్కానింగ్ తీస్తే కాలేయం నుంచి పైత్యరసం పోయే పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉంది. ఏ ఆకు పసరు ఆ రాయిని కదిలిస్తుంది? కళ్లు పచ్చబడటం ఒకటే, కారణాలు వేరు. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఈ వస్తే ప్రాణాల మీదికే రావచ్చు. పాముకాటుకైతే నాటు మందా, దవాఖానా అని పోల్చి చూసేదే లేదు, విషం విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దవాఖానకే పరుగెత్తాలి.

అట్లని నాటు మందునూ ఆయుర్వేదాన్నీ ఒకే గాటన కట్టను. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ చదివి పట్టా పొందినవాళ్లు వైద్యం చేస్తారు. ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అమ్మను నేనే అటు తీసుకుపోతా. సర్పగంధ వేరు నుంచే రక్తపోటుకు రిసర్పిన్ మందు వచ్చింది. చైనా సంప్రదాయ వైద్యంలోని మొక్క నుంచి మలేరియా మందు తీసినందుకు చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ దక్కింది. మందు గుణం, మోతాదు పరీక్షించి తేల్చాకే అవి రోగుల చేతికొచ్చాయి.

పసిరికల విషయంలో మాత్రం నా ఓటు ముందు రక్తపరీక్షకే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి రక్తంలో బిలిరుబిన్, అంటే కళ్లను పచ్చబరిచే పదార్థం, ఎంతుందో చూపించుకోండి. ఇప్పటికే పసరు తాగి ఉంటే ఏ ఆకు, ఎన్ని రోజులు తాగారో డాక్టరుకు చెప్పండి. కొన్ని ఆకులు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. మా మేనత్త తలవంచుకుని "ఏం తాగలే బిడ్డా" అన్నది. పక్కనున్న నేనే చెప్పాల్సి వచ్చింది.