మెరవణి బ్యాండుతో ‘ఇన్ ద మూడ్’ వాయింపించినాము

పోయిన మాఘమాసంలో మా పెద్దోడి పెండ్లి మెరవణికి అనంతపురం పాతూరులో ఒక సందులో ఉండే బ్యాండు సెట్టును మాట్లాడుకున్నాము. షాపు పేరు రాయడం లేదు. మెచ్చుకునేది ఎంతుందో తిట్టేది కూడా అంతే ఉంది, పైగా ఆ మాస్టరు ముఖం గుర్తొస్తే పేరు పెట్టి తిట్టబుద్ధి కాదు. అయినా బ్యాండు వెతుక్కునే వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు లెక్కలు. పదహారు మందికి 28 వేలు అడిగినారు, 24 వేలకు తెగింది. 5 వేలు అడ్వాన్సు. మేము కోరిన ఒక పాట కొత్తగా నేర్చుకోవాలి కాబట్టి ఇంకో 1,500. టీలు, టిఫన్లు మనవే. రాత్రి ఏడున్నరకు రమ్మంటే ఎనిమిదీ పదికి వచ్చినారు. ఎర్ర కోట్లు ఇస్త్రీ చేసి ఉన్నాయి, కాళ్ళకు మాత్రం ఎవరిష్టం వాళ్ళది, హవాయి చెప్పులు కూడా కనబడినాయి. అదంతా పోనీ అనుకోవచ్చు. పదహారు మందిలో ఇద్దరు ఆటలో అరటిపండ్లు, అదీ నా బాధ. ఒకడి చేతిలో ట్రంపెట్టు ఉంది, నోటికి ఆనించుకున్నాడు, బుగ్గ మాత్రం ఒక్కసారి ఉబ్బితే ఒట్టు. నేను పనిగట్టుకుని వాడి పక్కనే నడిచి చూసినా. మాస్టరును అడిగితే, “కొత్త పిల్లోడక్కా, నేర్చుకుంటాండాడు” అన్నాడు. వాడి చదువుకు ఫీజు మేము కట్టినట్టు. మీరు మాట్లాడుకునేటప్పుడు ఎంతమంది వస్తారని అడగొద్దండి, ఎంతమంది వాయిస్తారని అడగండి.

ఇంక ఆ 1,500 పాట సంగతి.

మా నాయన గుంతకల్లు లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా (రైలింజనులో బొగ్గు వేసే పని) చేరినాడు, తర్వాత డ్రైవరయినాడు. ఆ రోజుల్లో రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ల ఇండ్లు చాలా ఉండేవి. క్రిస్మస్సు దినాల్లో వాళ్ళు రైల్వే ఇన్స్టిట్యూట్‌లో, అంటే ఉద్యోగుల క్లబ్బులో, డాన్సులు పెట్టుకునేవాళ్ళంట. డ్యూటీ దిగి, బొగ్గు మసి కడుక్కోకుండానే, కిటికీ బయట నిలబడి వినేవాడినని చెప్పేవాడు. అక్కడ విన్న ఒక పాటను మా చిన్నప్పుడంతా ఈల వేసేవాడు. పేరు ఆయనకు తెలీదు. ఇంట్లో మేమందరం దాన్ని ‘అయిపోని పాట’ అనేవాళ్ళం. గడ్డం గీసుకునేటప్పుడైతే చూడాలి. ఈల సన్నబడతా సన్నబడతా పోయి నిలిచిపోయేది. చేతిలో కత్తి కూడా గొంతు దగ్గర నిలిచిపోయేది. మేము ముగ్గురం పిల్లలం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, గట్టిగా మళ్ళీ ఎత్తుకుని, ఒక్క గీత గీసేవాడు. అమ్మ వంటింట్లోంచి, “ఏదో ఒకనాడు గొంతు కోసుకుంటాడు మీ నాయన” అనేది.

పెండ్లి పనుల్లో ఉండగా ఒక సాయంత్రం మా చిన్నోడు ఆ ఈలను ఫోనుకు వినిపించినాడు. ‘ఇన్ ద మూడ్’ అని చూపించింది. గ్లెన్ మిల్లర్ అంట, ఒకప్పటి అమెరికా జాజ్ బ్యాండు మాస్టరు. నాయనకు పెట్టి వినిపించినాము. ఎనభై మూడేండ్ల మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడేమో అని మేము చూస్తుంటే, “ఊ, బాగుంది. మా ఇన్స్టిట్యూట్ వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టేవాళ్ళు” అన్నాడు. కాసేపుండి, “మెరవణిలో ఇది వాయిస్తేనే కారెక్కుతా. లేదంటే మండపంలోనే కూర్చుంటా” అని తేల్చేసినాడు.

నాకు ఏదైనా పట్టుకుంటే వదలని జబ్బుంది. పెండ్లి పత్రికలు పంచే పని మానుకుని దీని వెంట పడినా. 1939 ఆగస్టు 1న మిల్లర్ బ్యాండు దీన్ని బ్లూబర్డ్ కంపెనీకి రికార్డు చేసింది. ట్యూను ఆయన కట్టింది కాదు, జో గార్లండ్ అనే ఆయన పేరు మీద ఉంది. అసలు అందులో తిరిగి తిరిగి వచ్చే ముక్క అంతకుముందే, 1930లో, వింగీ మనోన్ అనే ట్రంపెట్టు ఆయన ‘టార్ పేపర్ స్టాంప్’ పాటలో వినబడుతుంది. మరుసటి ఏడు ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు కూడా దాన్ని వాడుకుంది. ‘ఇన్ ద మూడ్’ను ఆర్టీ షా అనే ఇంకో బ్యాండు మాస్టరు రేడియోలో వాయించినాడు గానీ అది మరీ పొడుగు. అప్పటి లక్క గ్రామఫోను ప్లేటుకు ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. మిల్లర్ చేసిందల్లా కోత. వచ్చినవాళ్ళందరూ తలా ఒకటి వేసిన ఉమ్మడి కుండలోంచి, అక్కరలేనిదంతా తీసి పారేసినాడు. రెండు టెనర్ శాక్సాఫోన్లు ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం (టెక్స్ బెనెకీ, అల్ క్లింక్), క్లైడ్ హర్లీ ట్రంపెట్టు, ఆ పైన చివర్లో అయిపోయినట్టు నటించడం. అంతే మిగిల్చినాడు. 1944 డిసెంబర్ 15న ఇంగ్లాండు నుంచి పారిస్‌కు చిన్న విమానంలో బయల్దేరి సముద్రం మీద కనబడకుండా పోయినాడు. అప్పటికి ఆయనకు నలభై ఏండ్లే. ఆ మాట చెబితే నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బ్యాండు షాపుకు ఫోనులో పాట పట్టుకుని పోతే, నవ్వుతారేమో అనుకున్నా. మాస్టరు క్లారినెట్ ఆయన, అరవై దాటినాయి. కండ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు. మూడోసారి వేళ్ళతో మోకాలి మీద కొట్టుకుంటా, “ఇది తకిట తకిటే కదక్కా. కిందేమో నాలుగు దెబ్బల నడక, పైన మూడు మూడుగా పోతాండాడు. అందుకే ఎప్పుడు కలుస్తాదో అని ప్రాణం లాగుతాది” అన్నాడు. నేను అన్ని పేజీలు చదివి తెలుసుకోనిది ఆయన రెండు నిమిషాల్లో చెప్పేసినాడు. బీడీకట్టల లెక్కలు రాసుకునే నోటుబుక్కు తీసి, వెనక పేజీలో తెలుగులోనే రాసుకున్నాడు: గపస గపస గపస గపస. ఆ పాట మొహం మొత్తం ఆ మూడక్షరాలే. పిల్లోడు కూడా పాడగలడు. ఎనభై ఏండ్లు దాటినా జనం నోట్లో నానుతోందంటే ఆ సులువు ఒక కారణం. కానీ సులువైన ట్యూన్లు కోటి ఉంటాయి, అవన్నీ నిలబడలేదు కదా. గపస అని ఎక్కడ మొదలుపెట్టినా తాళం ఇంకెక్కడో పడుతుంది, చెవి దాన్ని పట్టుకోవాలని పరిగెత్తుతూనే ఉంటుంది. నాకైతే కిటుకు అక్కడుందనిపించింది.

ప్రాక్టీసుకు నేను ఉగ్గాని, బజ్జీలు కట్టుకుని పోయినా. నాలుగు రోజులు చేసినారు, ఈ విషయంలో వంక పెట్టేదేమీ లేదు. సైడ్ డ్రమ్ము కుర్రోడితోనే తంటా. పంద్రాగస్టు కవాతులాగా టకటకా సమంగా కొడతాడు. మాస్టరు క్లారినెట్ దించి, “కవాతు కాదురా నాయనా, ఉయ్యాల. పోయేటప్పుడు నిదానం, వచ్చేటప్పుడు దబుక్కున” అని చెయ్యి ఊపి చూపించినాడు. వాడికి నాలుగో రోజుకు సగం వచ్చింది. ఇంకో తప్పేమంటే, అందరూ సన్నగా వాయించే చోట వీడు పెంచుతాడు. వాళ్ళు తప్పిపోయినారు, నేను కాపాడాలి అనుకునేవాడంట పాపం. శాక్సాఫోను ఒక్కటే ఉంది, కాబట్టి రెండో శాక్సాఫోను జవాబులు మాస్టరు క్లారినెట్‌లో ఇచ్చినాడు. ఒరిజినల్‌లో ఇద్దరూ పోటాపోటీగా ఉంటారు. ఇక్కడ పెద్దాయన, కుర్రోడు వాదులాడుకున్నట్టు వచ్చింది. నాకు ఇదే బాగనిపించింది, ఎవరేమన్నా అననీ.

మెరవణి రాత్రి రాజు రోడ్డులోకి తిరిగినాక మొదలుపెట్టినారు. నాయన కారులో ముందు సీట్లో, తలపాగాతో. బండి మీద కీబోర్డు పిల్లోణ్ణి ఆపేసి, మైకు కట్టేయమన్నాడు మాస్టరు. మంచి పని చేసినాడు, ఈ పాటకు మైకు శత్రువు. అంతవరకు సినిమా పాటలకు గంతులేస్తున్న మగపిల్లలు ఇదేందని ఆగిపోయినారు. ఒక నిమిషం అయ్యేసరికి మా మరిది కొడుకు మొదలుపెట్టినాడు, ఆ వెనక తలా ఒక తీరుగా అందరూ. శాక్సాఫోను, క్లారినెట్ వాదన అయిపోయింది. గపస గపస. తగ్గించినారు. మళ్ళీ ఇంకా తగ్గించినారు. బీడీ ముట్టిస్తే వినబడేంత నిశ్శబ్దం. నాయన వేలు డోరు మీద నిలిచిపోయి ఉంది, చూసినా.

టపాకాయల మనిషి అయిపోయిందనుకున్నాడు. వెయ్యి వాలా ముట్టించినాడు.

ఆ పైన ఏం వాయించినారో ఆ దేవుడికే తెలియాలి. చివరి ఎత్తుకోలు మొత్తం పొగలో పోయింది. దానికి తోడు కారు డ్రైవరు కూడా అయిపోయిందనుకుని బండి ముందుకు పోనిచ్చినాడు, బాస్ డ్రమ్ము ఆయన ఎగిరి పక్కకు దూకినాడు. జనం ఒకటే నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, నాలుగు రోజుల ఉగ్గాని వృథా అయింది కదా అని.

మాస్టరు వచ్చి కారు అద్దం దగ్గర వంగి, “పెద్దాయనా, మండపం ముందర ఇంకోసారి” అన్నాడు. అదనంగా పైసా అడగలేదు. రెండోసారి టపాకాయల మనిషి భుజం మీద చెయ్యేసి, మా చిన్నోణ్ణి కాపలా పెట్టి వాయించినారు. సైడ్ డ్రమ్ము పిల్లోడు ఆ సన్నటి చోట కడ్డీలు రెండూ చంకలో పెట్టుకుని ఊరికే నిలబడినాడు. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. మళ్ళీ ఎత్తుకున్నప్పుడు ఓళిగలు వడ్డించే వాళ్ళు కూడా బయటికి వచ్చి చూసినారు. ఉయ్యాల పూర్తిగా రాలేదు, కవాతు వాసన కొంచెం ఉండనే ఉంది. అయినా చివరి స్వరం పడినాక నాయన కారు దిగి, “ఇప్పుడు గట్టిగా కొట్టినారు” అన్నాడు.

మిగిలిన డబ్బులు ఇచ్చేటప్పుడు ఆ ఇద్దరు అరటిపండ్లకు వెయ్యి పట్టుకుందామనుకున్నా, పట్టుకోలేదు. మాస్టరు నోటుబుక్కు చూపించి, ఈ పాట వేరే పెండ్లిళ్ళలో వాయించుకోవచ్చా అని అడిగినాడు. మాదా ఏమన్నా, వాయించుకోండి అన్నా. పోయిన వారం మా వీధి చివర ఒక మెరవణిలో గపస గపస వినబడితే గేటు దాకా పోయి చూసినా. అదే సెట్టు, అదే ట్రంపెట్టు పిల్లోడు, బుగ్గ ఈసారి కొంచెం ఉబ్బింది. టపాకాయల మనిషి వెలిగించిన ఊదుబత్తి పట్టుకుని, మాస్టరు ముఖమే చూస్తా నిలబడి ఉన్నాడు.