అయోకి దారా, షుకుమినే దారా? కరాటే దాటాలనుకునేవాళ్లకు ఏది మేలు

కరాటే క్లాసులో మొదటి రోజు నేర్పేది పిడికిలి. చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటే లోపలికి మడిచి, పైనుంచి బొటనవేలితో బిగించాలి. నేను తొమ్మిదేళ్లు అలాగే బిగించాను. అందుకే ఆ పిడికిలిని విప్పేసిన కరాటే మాస్టర్ ఒకాయన జపాన్‌లో ఉన్నారని తెలిసినప్పుడు నాకు ముందు అనుమానమే కలిగింది. వేళ్లు చాచి కొడితే విరగవా?

ఆయన హిరోయుకి అయోకి. 1936లో యోకోహామాలో పుట్టారు. చువో యూనివర్సిటీలో షిగేరు ఎగామి దగ్గర కరాటే నేర్చుకున్నారు. ఎగామి గురువు గిచిన్ ఫునకోషి. 1922లో ఒకినావా నుంచి వచ్చి టోక్యోలో కరాటేకి పునాది వేసిన పెద్దాయన. ఆ పరంపరలో మూడో తరం అయోకిది. 1960లలో కొంతమంది తోటి సాధకులతో కలిసి ఆయన రూపొందించినదే షింతైదో. ఆ పేరుకి అర్థం ‘కొత్త శరీర మార్గం’.

దీనికి దగ్గరి పేరున్న మరో జపాన్ యుద్ధవిద్య తైదో. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. తైదో వ్యవస్థాపకుడు సెయికెన్ షుకుమినే 1925లో ఒకినావాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మానవ టార్పెడో దళంలో, అంటే మనిషే లోపల కూర్చుని శత్రు ఓడ మీదికి నడిపే ఆత్మాహుతి టార్పెడోల దళంలో, పనిచేసి, ప్రాణాలతో తిరిగొచ్చాక గెన్సెయిర్యూ అనే కరాటే శైలిని స్థాపించారు. అదీ చాలదనిపించి 1965లో తైదోని మొదలుపెట్టారు.

ఇద్దరికీ కరాటేలో ఏదో ఇరుకుగా అనిపించింది, కానీ ఇరుకు ఎక్కడుందో చెరొక రకంగా అర్థం చేసుకున్నారు. షుకుమినేకి అది దిశలో కనిపించింది. మనిషి నిటారుగా నిలబడి ఎదురుగా ఉన్నవాడిని తిన్నగా కొడతాడు, అంతేనా? ఒళ్లంతా కదలొద్దా? ఆయన కదలికలను ఐదుగా విడదీశారు. బొంగరంలా నిలువుగా తిరగడం, అలలా లేచి పడటం, పక్కకు ఒరిగి వాలిపోతూ కొట్టడం, మెలి తిరగడం, పల్టీలు కొట్టడం. తైదోలో ఒక్కడు ఐదుగురిని ఎదుర్కొనే ప్రదర్శన పోటీ కూడా ఉంది. చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం.

అయోకికి ఇరుకు కండరాల్లోనే కనిపించింది. అప్పటికే ఎగామి ఆ ప్రశ్న వేసుకుని ఉన్నారు: గట్టిగా బిగించి కొట్టే గుద్దులో నిజంగా బలం ఉందా, లేక ఆ బిగువే బలాన్ని ఆపేస్తోందా? ఆయన మెత్తదనం వైపు మళ్లారు, పోటీలు వద్దన్నారు. శిష్యుడు ఇంకా ముందుకెళ్లి పిడికిలే విప్పేశారు.

షింతైదోలో మొదట నేర్పే వాటిలో ఒకటి తెన్షిన్‌గోసో. ఐదు భంగిమలు, ఐదు ధ్వనులు: ఆ, ఎ, ఇ, ఒ, ఉం. ‘ఆ’ అంటూ రెండు చేతులూ ఆకాశానికి విప్పాలి. తల పైకెత్తాలి, ఛాతీ తెరుచుకోవాలి, అరచేతుల్లో ఒక్క వేలు కూడా ముడుచుకుని ఉండకూడదు. గొంతు దాచుకోకుండా పలకాలి. చివర ‘ఉం’ దగ్గర అంతా లోపలికి చేరుతుంది. మనకిది కొత్తగా అనిపించదు. జపాన్ బౌద్ధాలయాల ద్వారాల దగ్గర ఇద్దరు కావలి విగ్రహాలుంటాయి, ఒకరు నోరు తెరిచి, ఒకరు మూసి. వాళ్లు పలికే ‘ఆ’, ‘ఉం’ సంస్కృతం నుంచి వెళ్లినవే.

వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, పదిమంది ముందు నోరారా ‘ఆ’ అనడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. నాకైతే మొదటి ప్రయత్నంలో గొంతే పెగల్లేదు. భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. ఇన్నేళ్ల కరాటేలో ఎంత టెన్షన్ ఒంట్లో దాచుకున్నానో అప్పుడే అర్థమైంది.

మరి ఏది మేలు? ఇరవై ఏళ్ల లోపు పిల్లలకైతే తైదోనే మేలంటాను. వాళ్లకి గాల్లోకి లేవాలని ఉంటుంది, పోటీ కావాలి, ఎంత ఎదిగారో కనిపించాలి. అవన్నీ అందులో ఉన్నాయి. ఫిన్లాండ్, స్వీడన్ దాకా అది పాకింది కూడా అందుకే అనుకుంటాను. ఆత్మరక్షణ ఒక్కటే కావాలంటే మాత్రం ఈ రెండింటి కోసం వెతకనక్కర్లేదు. దగ్గర్లో మంచి కరాటే మాస్టర్ ఉంటే చాలు.

నలభై దాటి, మోకాళ్లు మొరాయిస్తూ, అయినా సాధన వదలబుద్ధి కానివాళ్లకి అయోకి దారే సరైనదని నా గట్టి నమ్మకం. దానికీ ఓ లోటుంది. గెలుపోటములు లేవు కాబట్టి మనం ఎదుగుతున్నామో లేదో కొలిచే సాధనం లేదు. గురువు కన్నే కొలత. గురువు సరైనవాడు కాకపోతే అది వట్టి చేతులు ఊపడంగా మిగిలిపోతుంది. అలాగని మెత్తని వ్యాయామం అనుకోకండి. ‘ఎయికో’ అనే సాధనలో చేతులు పైకెత్తి, కేక పెడుతూ, ముందుకు పరిగెత్తాలి. రెండుసార్లు చేసేసరికి ఊపిరి అందదు.

నా అనుమానానికి జవాబు కూడా సాధనలోనే దొరికింది. చాచిన వేళ్లతో గోడని పొడవమని అక్కడ ఎవరూ అడగరు. ఎదుటివాడి భుజం వెనక, ఇంకా దూరంగా ఉన్నదాన్ని అందుకోబోతున్నట్టు చేయి చాచమంటారు.