హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్‌కు పాత 6ఎస్‌ఎన్7: ఏది మేలు?

"ఏ వాల్వు కొనమంటారు?" అని, అంటే ఆంప్లిఫైయర్‌లో శబ్దాన్ని పెంచే గాజు గొట్టం గురించి, అడిగేవాళ్ళకు విడివిడిగా జవాబులు రాసి విసుగెత్తింది. అడిగేవాళ్ళలో నూటికి తొంభై మంది దగ్గర ఉన్నది ఒకే తరహా ఆంప్లిఫైయర్ పెట్టె: ముందు శబ్దాన్ని పెంచే ఒక 6ఎస్‌ఎన్7, వెనక హెడ్‌ఫోన్‌ను నడిపే పవర్ వాల్వు 6ఏఎస్7జీ గానీ 6080 గానీ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు, చివర 300 ఓంల సెన్‌హైజర్ హెడ్‌ఫోన్. నా బల్ల మీద ఉన్నదీ అదే. అందుకని ఈ తరహా వరకే మాట్లాడతాను.

మూడేళ్ళలో నా చేతుల్లో నిలిచిన 6ఎస్‌ఎన్7లు నాలుగు రకాలు. 1940ల అమెరికా కంపెనీ ఆర్‌సీఏది, లోపల బూడిదరంగు పూత పూసిన గాజుది. దానికి అమెరికా సైన్యం పెట్టిన పేరు వీటీ-231. 1950ల సిల్వేనియా, అదీ అమెరికాదే. దీని సోవియట్ రూపం 6ఎన్8ఎస్, మాస్కో మెల్జ్ కర్మాగారానిది. నాలుగోది పాతది కాదు, రష్యాలో సరాతొవ్‌లో తయారై టంగ్-సోల్ అన్న పాత పేరుతో వస్తున్న కొత్త సరుకు. అసలు టంగ్-సోల్, ఆ గుండ్రటి ప్లేట్ల (లోపలి రేకుల) నల్ల గాజుది, ఒక మిత్రుడి ఇంట్లో ఒక సాయంత్రం విన్నాను. బాగుంది. దాని ధర కూడా ఆయనే చెప్పారు. అక్కడితో ఆ కథ ముగిసింది.

స్వరంలో తేడా ఉందా అంటే ఉంది, కానీ జనం రాసుకున్నంత లేదు. ఆర్‌సీఏతో గొంతు కాస్త దగ్గరికి వచ్చినట్టుంటుంది, మృదంగం ఎడమ వైపు నిండుగా మోగుతుంది. సిల్వేనియాతో వయొలిన్ కమాను తీగ మీద పడే క్షణం స్పష్టంగా తెలుస్తుంది, కంజీరా గజిబిజి కాదు. మెల్జ్ ఈ రెండింటికీ నడుమ, కొంచెం పొడిగా. సరాతొవ్ వాల్వులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, తలుచుకోవడానికీ ఏమీ లేదు. పోల్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి: వాల్వు మార్చగానే శబ్దం ఒక పిసరు పెరిగితే చెవి దాన్నే "మేలు" అంటుంది. వాల్యూమ్ సరిపోల్చుకోకుండా చేసిన పోలికలను, నావి సహా, నమ్మకండి.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నా లెక్కలో హెడ్‌ఫోన్ విషయంలో తీర్పు చెప్పేది స్వరం కాదు, నిశ్శబ్దం. స్పీకరు పది అడుగుల దూరంలో ఉంటుంది, మధ్యలో ఫ్యాను, వీధి, పక్కింటి మిక్సీ. వాల్వు గుయ్యిమన్నా అవి మింగేస్తాయి. హెడ్‌ఫోన్ చెవికి అంటుకునే ఉంటుంది. పైగా మనం వినే సంగీతం చూడండి. కచేరీ అంతటా కింద తంబూరా పరుచుకుని ఉంటుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి వెనక తంబూరా మొదటి తీగ, మంద్ర పంచమం, సుమారు 98 హెర్ట్జ్. మన కరెంటు 50 హెర్ట్జ్, రొదలో దాని రెట్టింపు 100 కూడా ఉంటుంది. అంటే వాల్వు రొద సరిగ్గా పంచమం పక్కన, అరస్వరంలో మూడో వంతు ఎక్కువగా మోగుతూ కూర్చుంటుంది. వేరే ఏ స్థానంలో ఉన్నా చెవి దాన్ని పక్కన పెట్టేసేదేమో. శ్రుతి తప్పిన రెండో తంబూరాను ఎలా పక్కన పెడుతుంది? ఆలాపన మొదలయ్యే ముందు ఆ నాలుగు క్షణాలు చెడితే, ఆ తర్వాత గొంతు ఎంత దగ్గరికొచ్చినా నాకు దండగే.

రొద ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. వాల్వును వేడెక్కించే హీటర్ తీగ, ఎలక్ట్రాన్లను వదిలే కేథోడ్ గొట్టం లోపల ఉంటుంది. రెంటికీ మధ్య అడ్డు ఒక పలుచటి పూత మాత్రమే. ఎనభై ఏళ్ళ వాల్వులో ఆ పూత నీరసించి ఉంటే హీటర్‌లోని ఏసీ కరెంటు కేథోడ్‌లోకి కారుతుంది. అది 6ఎస్‌ఎన్7లో జరిగితే చిక్కు, ఎందుకంటే అక్కడి శబ్దాన్ని ఆ వాల్వే పదిహేను రెట్ల దాకా పెంచి వెనక్కి అందిస్తుంది. వెనకున్న పవర్ వాల్వు వోల్టేజిని పెంచదు, కాబట్టి దాని లోపాలు అంత పెద్దవిగా వినిపించవు. డబ్బు ఖర్చు పెడితే ముందు వాల్వు మీద పెట్టమనడానికి కారణం ఇదే.

అమ్మేవాళ్ళు రాసే "టెస్టర్ మీద తొంభై అయిదు శాతం" అన్న మాట దీనికి పనికిరాదు. మామూలు టెస్టర్ బలం చెబుతుంది, మౌనం చెప్పదు. ఈ పాఠం నాకు ఖరీదుగానే వచ్చింది. విదేశం నుంచి తెప్పించిన యుద్ధకాలపు వాల్వు ఒకటి, ఎవరి తయారీయో అనవసరం, అట్టపెట్టె కూడా నలగలేదు, టెస్టర్ అంకెలు కొత్తవాటికి తీసిపోవు. ఆంప్లిఫైయర్‌లో పెట్టి చూస్తే తేనెతుట్టె. రిచీ స్ట్రీట్ వెనక సందులో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. నెల్లూరు నుంచి చెన్నై వచ్చి స్థిరపడిన మనిషి, చెవులు ఇంకా నాకన్నా నయం.

"ముందు కాళ్ళు కడిగావా నాయనా?" అన్నారు.

"నావా, దానివా బాబాయ్?"

నవ్వి, పిన్నులను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, సాకెట్ బిగించి పెట్టారు. రొద సగం పోయింది. సముద్రపు గాలికి ఈ ఊళ్ళో పిన్నులు ఎంత తొందరగా మాసిపోతాయో నేను లెక్కలోకే తీసుకోలేదు. మిగిలిన సగం వాల్వుదే. పెన్సిలు వెనక కొసతో గాజును తట్టి, "విను, గంట కూడా కొడుతోంది" అన్నారు, తట్టిన దెబ్బ హెడ్‌ఫోన్‌లో మోగుతోందని. తర్వాత గాజు మీది పేరు అచ్చు మీద వేలు పెట్టి, "దీన్ని చూసి కొనకు. అచ్చు ఎవరైనా వేస్తారు. లోపలి రేకులు చూడు" అన్నారు. అది నిజం. పేరు చెరిపి కొత్త పేరు వేయడం తేలిక, ప్లేట్ల ఆకారం మార్చడం కుదరదు. గాజు లోపల వెండిలా మెరిసే గెటర్ (మిగిలిన గాలిని పీల్చుకునే పూత) మచ్చ తెల్లగా పాలిపోయి ఉంటే లోపలికి గాలి దూరినట్టే. దాన్ని ఉచితంగా ఇచ్చినా వద్దు.

మీ దగ్గరున్నది పరీక్షించాలంటే హెడ్‌ఫోన్ పెట్టుకుని వాల్యూమ్ సున్నాకు తిప్పండి, ఫ్యాను ఆపండి. వాల్యూమ్ నాబ్ వాల్వుకు ముందుంటుంది కాబట్టి ఇప్పుడు వినపడేదంతా దాని వెనక పుట్టిందే. వాల్వు మార్చినప్పుడు రొద మారితే వాల్వుది తప్పు. ఏది పెట్టినా అదే రొదైతే పెట్టెది తప్పు; వాల్వుల మీద డబ్బు తగలేయడం ఆపండి.

ఈ కొలమానంతో చూస్తే నా ఓటు 1950ల సిల్వేనియాకు. కారణం మహిమ కాదు, చరిత్ర. ఆ పదేళ్ళలో 6ఎస్‌ఎన్7 టెలివిజన్ సెట్లలోకి వెళ్ళింది. 6ఎస్‌ఎన్7జీటీబీ అన్న రూపం వాటి కోసమే: హీటర్లన్నీ వరుసగా కలిపిన సెట్లలో అన్నీ ఒకే వేగంతో వేడెక్కాలని. అందుకే కుప్పలుగా తయారయ్యాయి, ఇప్పటికీ అందే ధరలో దొరుకుతాయి. నాలుగు కొని, బాగా మౌనంగా ఉన్న ఒకటి ఉంచుకుని, మిగతావి మిత్రులకు ఇచ్చే వీలు వీటితోనే ఉంది. యుద్ధకాలపు ఆర్‌సీఏ ఒక్కటే కొనగలిగినప్పుడు అదృష్టం మీద ఆధారపడాలి. మరో చిట్కా: ఫిలిప్స్ ఈసీజీ అన్న ముద్రతో ఉన్నవీ సిల్వేనియా సంతానమే, ఆ పేరు చూసి చాలామంది దాటిపోతారు.

చేతిలో డబ్బు తక్కువైతే మెల్జ్ తీసుకోండి. పాతవంటే భయమైతే సరాతొవ్‌ది.

పవర్ వాల్వు సంగతి రెండు ముక్కల్లో. 6ఏఎస్7జీ, 6080 విద్యుత్తు పరంగా దాదాపు ఒకటే, గాజు ఆకారం వేరు. రెంటికీ హీటర్ 2.5 ఆంపియర్లు, అంటే ఆ ఒక్క తీగే 16 వాట్లు. మే నెల చెన్నైలో బల్ల మీద ఇంకో చిన్న పొయ్యి. నాకు 6080 పొట్టిగా ఉండి నచ్చింది, అంతే. అదే తరహా పవర్ వాల్వు 5998 వాటికన్నా గట్టిది, హెడ్‌ఫోన్‌ను బాగా పట్టి నడుపుతుంది, కానీ మీ సర్క్యూట్ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోకుండా పెట్టకండి. 32 ఓంల హెడ్‌ఫోన్‌కు ఈ పెట్టెతో ఏ వాల్వు పెట్టినా ఒరిగేది లేదు.

కొందరు "మన బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు పనికిరావా?" అని అడుగుతున్నారు. ఫిలిప్స్ పరిజ్ఞానంతో జాలహళ్ళిలో తయారైన ఈసీసీ82, ఈసీసీ83 మంచివే, నేను విన్నవి నిశ్శబ్దంగానూ ఉన్నాయి. కానీ వాటికి తొమ్మిది పిన్నులు, మన సాకెట్‌కు ఎనిమిది. మీ పెట్టె ఈసీసీ82తో నడిచేదైతే వేరే ఎక్కడా వెతక్కండి.

ఒకటి మరిచిపోయాను. 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు అర్ధరాత్రి 240 వస్తే హీటర్ దగ్గర 6.3 కాస్తా 6.9 అవుతుంది. పాత వాల్వుకు అది ఆయుష్షు మీద దెబ్బ. మల్టీమీటర్‌తో ఒకసారి కొలిచి చూసుకోండి.

ప్రస్తుతం నా పెట్టెలో ఉన్నది సిల్వేనియా, 6080. ఆ తేనెతుట్టె వాల్వును పారేయలేదు. గొంతు మాత్రం దానిలోనే అందం. వేసవిలో ఫ్యాను అయిదులో తిరుగుతూ ఎలాగూ తన శ్రుతి తాను పడుతున్నప్పుడు, ఒకటి రెండు రాత్రులు తీసి పెడతాను.