ఆర్‌ఎఫ్‌సీ 9113 సమీక్ష: హెచ్‌టీటీపీ/2 బూజు ఎంత దులిపారు?

వెబ్‌లో క్లయింటూ (బ్రౌజర్ లాంటిది) సర్వరూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ/2 ప్రోటోకాల్‌ను వివరించే ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) మారింది: 2015లో వచ్చిన 7540 స్థానంలో 2022 జూన్‌లో 9113 వచ్చింది. ప్రోటోకాల్ వెర్షన్ మారలేదు, పాత క్లయింటుకీ కొత్త సర్వరుకీ పొత్తు చెడలేదు. మారింది పత్రమే. ఎవరూ వాడనివి పక్కకు పోయాయి, తలా ఒక రకంగా అర్థం చేసుకున్నవి బిగుసుకున్నాయి. ప్రాక్సీ (మధ్యవర్తి సర్వరు), లోడ్ బ్యాలెన్సర్, క్లయింటు లైబ్రరీ రాసేవాళ్లు చదివి తీరాలి. ఇంజిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వరు కాన్ఫిగ్ మాత్రమే చూసుకునేవాళ్లకు ఇంత లోతు అక్కర్లేదు.

తీసివేతల్లో పెద్దది ప్రయారిటీ చెట్టు. ప్రతి స్ట్రీమూ (ఒకే కనెక్షన్‌లో ఒక్కో రిక్వెస్టూ దాని జవాబూ నడిచే దారి) ఇంకో స్ట్రీమ్ మీద ఆధారపడుతుంది, 1 నుంచి 256 దాకా వెయిట్ ఉంటుంది, దాన్నిబట్టి బ్యాండ్‌విడ్త్ పంచాలి. కాగితం మీద ముచ్చటగానే ఉంది. ఆచరణలో బ్రౌజర్లు తలా ఒక తీరున చెట్టు కట్టాయి, చాలా సర్వర్లు దాన్ని పట్టించుకోనేలేదు. కొత్త పత్రం ఈ పద్ధతిని వాడొద్దంది కానీ, బైట్ల అమరికను మాత్రం కదపలేదు. తెలివైన పనే. హెడర్స్ ఫ్రేమ్‌లో (హెడర్లు మోసుకొచ్చే డేటా ముక్కలో) ప్రయారిటీ ఫ్లాగ్ ఉంటే ఆ 5 బైట్లు (ఆధారం 4, వెయిట్ 1) ఇప్పటికీ వస్తాయి. "ఆ ఫీచర్ పోయిందిగా" అని పార్సర్‌లోంచి ఆ భాగం కోసేస్తే ఆ 5 బైట్లూ హెచ్‌ప్యాక్ (హెడర్ల కుదింపు) డీకోడర్‌కి వెళ్తాయి, రెండు వైపులా ఒకేలా ఉండాల్సిన డైనమిక్ టేబుల్ చెడుతుంది, కనెక్షన్ మొత్తం కూలుతుంది. చదవాలి, పారేయాలి, అంతే. ప్రాధాన్యం నిజంగా కావాలంటే ఆర్‌ఎఫ్‌సీ 9218లోని ప్రయారిటీ హెడర్ ఉంది: 0 నుంచి 7 దాకా అర్జెన్సీ (ఏమీ చెప్పకపోతే 3), పక్కన ఇంక్రిమెంటల్ గుర్తు. ఒక్క లైన్‌తో పని అయిపోతుంది.

ఎన్‌క్రిప్షన్ లేని కనెక్షన్‌ను హెచ్‌టీటీపీ/1.1లో మొదలుపెట్టి అప్‌గ్రేడ్ హెడర్‌తో 2కి మార్చే దారి కూడా పోయింది. పెద్దగా ఎవరూ వాడలేదు. అవతలి సర్వరు హెచ్‌టీటీపీ/2 అని ముందే తెలిస్తే నేరుగా మొదలుపెట్టడం మిగిలింది.

ఈ పత్రం విలువంతా 8.2.1 విభాగంలో ఉంది. హెచ్‌టీటీపీ/2లో ప్రతి హెడర్ ఫీల్డు (పేరు, విలువ) పొడవూ ముందే చెప్తారు కాబట్టి విలువ మధ్యలో కొత్త లైన్ అక్షరం దూరినా ఆ దశలో ఏమీ విరగదు. ప్రాక్సీ దాన్ని వెనకున్న 1.1 సర్వరుకు టెక్స్ట్‌గా రాసి పంపగానే ఒక హెడర్ రెండవుతుంది, అదను దొరికితే ఒక రిక్వెస్టే రెండవుతుంది. రిక్వెస్ట్ స్మగ్లింగ్ అంటున్నది దీన్నే. పాత పత్రం దీన్ని ఆపే నిబంధనను వెనక భద్రతా విభాగంలో పెట్టి, చెల్లని అక్షరాల కోసం ఆర్‌ఎఫ్‌సీ 7230 వ్యాకరణం చూసుకోమంది. కొత్తది అంకెలతో సహా చెప్పేసింది: పేరులో 0–32, 65–90, 127–255 బైట్లు ఉండకూడదు, అంటే ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు కూడా చెల్లవు. విలువలో ఎక్కడా 0, 10, 13 ఉండకూడదు, మొదట్లోనూ చివర్లోనూ స్పేస్, ట్యాబ్ ఉండకూడదు. పేరులో కోలన్ కూడా నిషిద్ధమే, సూడో హెడర్ల (కోలన్‌తో మొదలయ్యే ప్రత్యేక ఫీల్డుల) మొదట్లో తప్ప. ఈ నియమాలను మీరితే ఆ సందేశం చెల్లదు, ముందుకు పంపకూడదు. ఈ తనిఖీకి ఓ ఇరవై లైన్ల కోడ్ చాలు. ఏ సైటు కావాలో చెప్పే హోస్ట్ హెడర్‌కీ, అదే చెప్పే అథారిటీ సూడో హెడర్‌కీ పొంతన కుదరకపోతే ఏం చేయాలన్న అనుమానమూ తీర్చారు: క్లయింటు అలా పంపకూడదు, సర్వరు దాన్ని చెల్లనిదిగా చూడాలి.

వెలితి సర్వర్ పుష్ (క్లయింటు అడగకముందే సర్వరు ఫైళ్లు పంపడం) దగ్గర. ప్రయారిటీని పక్కన పెట్టినవాళ్లు పుష్ జోలికి ఎందుకు పోలేదో అంతుపట్టదు. దాని స్థితులు, నిబంధనలు అన్నీ పత్రంలో అలాగే ఉన్నాయి. క్రోమ్ 106తో పుష్‌ను ఆపేసింది, ఇంజిన్‌ఎక్స్ 1.25.1లో తీసేసింది. క్లయింటు రాసేవాళ్లు మొదటి సెట్టింగ్స్ ఫ్రేమ్‌లోనే ఎనేబుల్ పుష్‌ను 0 చేసి పంపితే ఆ కోడంతా రాసే బాధ తప్పుతుంది. ఆ సెట్టింగ్ అందినట్టు అవతలివాళ్లు ఒప్పుకున్నాక కూడా పుష్ ప్రామిస్ (పుష్ చేయబోతున్నానని చెప్పే ఫ్రేమ్) వస్తే ప్రోటోకాల్ ఎర్రర్ కింద కనెక్షన్ మూసేయడమే.

చదవడానికి కూర్చునే ముందు ఇంకొకటి. మెథడ్లు, స్టేటస్ కోడ్లు ఇందులో దొరకవు, అవి 9110లో ఉన్నాయి. హెడర్ల కుదింపు పాత 7541లోనే ఉంది. మూడు ట్యాబులు తెరుచుకోక తప్పదు. 7540 ప్రకారం కోడ్ రాసినవాళ్లు ముందు అనుబంధం బీ చదవాలి, మార్పులన్నీ అక్కడే ఉన్నాయి.