కంప్యూటర్‌కి నార్డిక్ పేర్లు: ఏది మేలు?

ఐదు నార్డిక్ దేశాల్లో కంప్యూటర్‌కి ఐదు పేర్లున్నాయి. ఐస్‌లాండ్‌లో ‘తోల్వా’, స్వీడన్‌లో ‘దాతోర్’, ఫిన్లాండ్‌లో ‘తియెతోకోనె’, నార్వేలో ‘దాతామషీన్’. డెన్మార్క్‌వాళ్లు మాత్రం మనలాగే కంప్యూటర్ అనేస్తారు. వీటిలో ఏది మేలంటే చాలామంది ముందు ఐస్‌లాండ్ పేరే ఎత్తుతారు.

అందుకు కారణం ఉంది. 1964 చివర్లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయానికి మొదటి కంప్యూటర్, ఐబీఎం 1620, వచ్చింది. మరుసటి ఏడాది సాహిత్య పండితుడు సిగుర్దుర్ నోర్దాల్ దానికి పేరు పెట్టాడు. ‘తాలా’ అంటే సంఖ్య. ‘వోల్వా’ అంటే పాత నార్స్ (ఐస్‌లాండిక్‌కి తల్లి భాష) కావ్యాల్లో జరగబోయేది చెప్పే స్త్రీ, ఓదిన్ దేవుడంతటివాడే వెళ్లి అడిగే మనిషి. రెండూ కలిపితే తోల్వా. మన లెక్కన అంకెల సోదెమ్మ! ఆ తర్వాత ఈ మాట తీగలా అల్లుకుపోయింది. ఈమెయిల్ ‘తోల్వుపోస్తుర్’, ట్యాబ్లెట్ ‘స్ప్యాల్ద్‌తోల్వా’, అంటే పలక కంప్యూటర్. ల్యాప్‌టాప్ ‘ఫార్తోల్వా’. వలస పక్షిని పిలిచే మాటలోనూ ఇదే ‘ఫార్’ ఉంటుంది.

అయితే ఇంత అందమైన మాటలోనూ ఒక మెలిక ఉంది. ఐస్‌లాండిక్‌లో కథను ‘సాగా’ అంటారు, విభక్తి మారితే అది ‘సోగు’ అవుతుంది. ఇలాంటి స్త్రీలింగ పదాలు బోలెడు. దాంతో తోల్వాకి విభక్తి మారినప్పుడు వచ్చే ‘తోల్వు’ అన్న రూపం విన్నవాళ్లు, మూలరూపం ‘తాల్వా’ అయి ఉంటుందని అనుకుని అలాగే అనేస్తారు. పంతుళ్లు దిద్దుతూనే ఉంటారు, జనం అంటూనే ఉంటారు. నన్నడిగితే ఇందులో జనం తప్పేమీ లేదు, వాళ్లు భాష లెక్క ప్రకారమే పోతున్నారు.

స్వీడన్‌లో ఈ గొడవ లేదు. స్టాక్‌హోమ్‌లో బెస్క్ అనే యంత్రం పని మొదలుపెట్టిన 1953 నాటికి ఇలాంటివాటిని ‘గణిత యంత్రం’ అనేవాళ్లు. తర్వాత ‘దాతామషీన్’ వచ్చింది. 1968లో ప్రొఫెసర్ బోర్యె లాంగెఫోర్స్ ‘దాతోర్’ అనమన్నాడు. డేటాకి ట్రాక్టర్, డాక్టర్‌ల తోక తగిలించాడంతే, కవిత్వం సున్నా. కానీ మోటార్‌ని ‘మూతోర్’, మోటార్లని ‘మూతూరెర్’ అనే స్వీడన్‌వాళ్లకి ‘దాతోర్, దాతూరెర్’ అనడం ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండే అక్షరాలు, పొరబడే చోటు లేదు. నా ఓటు దీనికే.

అర్థం ముఖ్యమనుకునేవాళ్లు ఫిన్లాండ్ వైపు మొగ్గుతారు. ఫిన్నిష్ అసలు వేరే భాషాకుటుంబం. ‘తియెతో’ అంటే తెలిసిన విషయం, ‘కోనె’ అంటే యంత్రం. ‘తియెతో’ పుట్టింది తెలుసుకోవడం అనే క్రియనుంచి, ఆ క్రియకు మూలం ‘తియె’, అంటే దారి. లెక్కలు కట్టడం దగ్గరే ఆగిపోని పేరు కాబట్టి, యంత్రం పాటలు వినిపించినా, సినిమాలు చూపించినా మాట పాతబడలేదు. పొడవు కాస్త ఎక్కువే. అందుకే మాటల్లో ఉత్త ‘కోనె’ అనేస్తారు, విమానాన్నీ అలాగే అంటారు, సందర్భాన్నిబట్టి అర్థం చేసుకోవాల్సిందే. నార్వే మాట గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు: డేటా యంత్రం. పని జరిగిపోతుంది.

ఇక డెన్మార్క్. మనకీ సంగణకం, గణనయంత్రం లాంటి మాటలున్నాయి, కాగితం దాటి రాలేదు. కంప్యూటర్‌కి ‘లు’ చేర్చి కంప్యూటర్లు అనుకున్నాం, వాళ్లూ తమ బహువచనం తగిలించి ‘కంప్యూటెరె’ అనుకున్నారు. అలాగని వాళ్లు సొంత మాటకి ప్రయత్నించలేదని కాదు. డేటా, ఆటోమాట్ కలిపి ‘దాతామాత్’ అని చేశారు. పొట్టిగా ఉంది, నోరు తిరుగుతుంది, తయారీలో దాతోర్‌కి తమ్ముడిలాంటిదే. కొన్నాళ్లు వాడారు కూడా. స్వీడన్‌లో దాతోర్ బడికీ ఆఫీసుకీ ఇంటికీ చేరితే, పక్కనే ఉన్న డెన్మార్క్‌లో దాతామాత్ అంటే ఇప్పుడు పాతకాలం మాట.