ఉప్పుగాలికి నిలబడ్డవీ, నిలబడనివీ: మా విశాఖ పెరటి మొక్కల మీద నా రివ్యూ

విశాఖలో మొక్కలు కొనేటప్పుడు అందరూ ఎండకి తట్టుకుంటుందా అనే అడుగుతారు. మే నెల ఎండని గ్రీన్ నెట్ కట్టి, రెండు పూటలా నీళ్లు పోసి ఎలాగోలా దాటించొచ్చు, అసలు టెన్షన్ అంతా ఉప్పుగాలితోనే. మాది సాగర్ నగర్ వైపు, మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇక్కడే పెంచుతున్నాను కాబట్టి చెప్తున్నా.

నా ఓటు ముందు కాగితం పూలకి. మధ్యాహ్నం గాలి నేరుగా కొట్టే ప్రహరీ పక్కన పెట్టాం, వేసవిలో ఆకు కనపడనంతగా పూస్తుంది. నీళ్లు ఎక్కువైతే మాత్రం పూత మానేసి ఆకులే వేస్తుంది. దేవగన్నేరు కూడా అంతే గట్టిది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా దాని కొమ్మలన్నీ విరిగిపోతే, పాలు కారడం ఆగి కోసిన చోటు ఎండేదాకా నీడలో ఉంచి వాటినే గుచ్చాం, ఇప్పుడు మా వీధిలో చాలా ఇళ్లలో ఉన్నవి ఆ కొమ్మలే. అదే తుపానుకి తురాయి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, కొబ్బరి చెట్లు మట్టలు పోయినా నిలబడ్డాయి. పడకుండా మిగిలిన చెట్ల ఆకులు కూడా మాడి గోధుమరంగుకి తిరిగాయి, అది గాలితో వచ్చిన ఉప్పు తుంపర పని.

నందివర్ధనం, నూరువరహాలు, సపోటా: ఇబ్బంది లేదు, వేసుకోండి. గన్నేరు మొండిది, కానీ ఆకు నుంచి వేరు దాకా విషమే, చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంటాను. మందారకి గాలి కన్నా పిండినల్లి బాధే ఎక్కువ.

గులాబీ అంటే ఎంత ఇష్టమున్నా సముద్రం వైపు పెట్టకండి, ఇంటి వెనక గాలి తగలని చోట పెట్టండి. ఉప్పుగాలి తగిలితే ఆకు కొన ముందు గోధుమరంగుకి మారి, ఆ మాడు అంచు వెంబడే లోపలికి పాకుతుంది, మధ్య ఈనె మాత్రం చాలా రోజులు పచ్చగానే ఉంటుంది. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, ఆ నీళ్లు ఉప్పు బోరువైతే పరిస్థితి ఇంకా చెడుతుంది. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కడుతోందేమో చూడండి.

ఇంకో విషయం, ఇది చాలామంది పట్టించుకోరు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ గోదావరి బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే మన ఎర్రమట్టిలో దించేస్తే ఒకసారి ఎండాక ఇటుకలా బిగుసుకుపోతుంది, పోసిన నీళ్లు పక్కలకి జారిపోతాయి తప్ప లోపలికి దిగవు. బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, మెత్తబడ్డాక వేర్లు తెగకుండా చేత్తో మెల్లగా విప్పి, చివికిన గెత్తం (పశువుల ఎరువు) కలిపిన మట్టిలో నాటండి. తేడా మీకే తెలుస్తుంది.

నాటడానికి వానలు కుదురుకున్నాక, అంటే జూన్ నెలాఖరు, జూలై మంచిది. అక్టోబర్ వచ్చేసరికి కొత్త మొక్కలకి వెదురు కర్ర కట్టి, తుపాను కబురు వినగానే మేడ మీది కుండీలు కిందకి దించండి. గాలి తగ్గిన వెంటనే ఆకులన్నీ మంచినీళ్లతో కడగండి, వాన తక్కువ పడి గాలే ఎక్కువ కొట్టి ఉంటే మరీను.